పద్నాలుగు నెలల తర్వాత: బియర్డెడ్ డ్రాగన్ కుబుసం కోసం కొన్న తేమ మీటరు

మా ఇంట్లో గాజు ట్యాంకులో పెరిగే బియర్డెడ్ డ్రాగన్ పిల్ల (మన తొండ లాంటి జంతువు) కోసం కొన్న ఈ మీటరు వెనక వేలాడే వైరు తేమ చూడదు. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతావి. వైరు చివర ఉన్న స్టీలు మొన ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తుంది. తేమ సెన్సరు తెల్ల డబ్బాలోనే, వెనకవైపు సన్నటి గాట్ల లోపల ఉంటుంది. అట్టపెట్టె మీది బొమ్మలో మాత్రం వైరు గాజు ట్యాంకులోకి దిగి ఉంటుంది, తెర మీద తేమ అంకె పెద్దగా కనిపిస్తుంది. రెండూ ట్యాంకు లోపలివే అని ఎవరైనా అనుకుంటారు. లోపలి కాగితంలో నిజం రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

మొదటి మూడు వారాలు ఆ పొరపాటుతోనే గడిచాయి. డబ్బా గోడకి, మొన బాస్కింగ్ లైటు (పిల్ల ఎండలా కాచుకునే వేడి లైటు) కింద. తెర మీద 40 డిగ్రీలు, 78 శాతం. కాస్త ఆలోచిస్తే ఈ రెండు అంకెలకీ పొత్తు కుదరదని అప్పుడే తట్టాలి. 40 డిగ్రీల గాలిలో 78 శాతం తేమ అంటే ఇడ్లీ పాత్ర మూత తీస్తే మొహాన కొట్టే గాలి లాంటిది. ట్యాంకు అద్దాలు చూస్తే పొడిగా ఉన్నాయి. 40 ట్యాంకుది, 78 విశాఖ పెదవాల్తేరులోని మా గది గాలిది. ఇలాంటిది కొంటే ఆ రోజే ఒక పరీక్ష చేయండి: డబ్బా గాట్ల మీద నోటితో ఊదితే తేమ అంకె ఎగబాకాలి. మొన మీద ఎంత ఊదినా అది కదలదు.

తర్వాత డబ్బానే లోపలికి మార్చాను. చల్లటి చివర, నేలకి 4 అంగుళాల ఎత్తున, రబ్బరు సక్షన్ కప్పుతో. డబల్ సైడ్ టేపు వద్దు. వేడికి జారుతుంది, జారిన టేపు కుబుసం విడుస్తున్న పిల్ల పొట్టకి అంటుకుంటే లేత చర్మం దానితోపాటే వస్తుంది. లైటు కింద కూడా డబ్బా పెట్టకూడదు, లోపల బ్యాటరీ ఉంది.

ఇంతకీ ఏ చోటి అంకెని నమ్మాలి? తేమ శాతం వేడిని బట్టి మారుతుంది. గదిలో 28 డిగ్రీలు, 80 శాతం ఉన్న గాలే లైటు కింద 40కి వేడెక్కితే దాని తేమ దాదాపు 41 శాతం. చల్లటి చివర 29 దగ్గర అదే గాలి 75 శాతం. గాలిలో నీరు ఒక్క చుక్క పెరగలేదు, తగ్గలేదు. 'మా ట్యాంకులో 40 ఉంది' అని ఒకరు, 'మాకు 75' అని ఇంకొకరు వాదించుకుంటుంటే, చాలాసార్లు ఇద్దరూ ఒకే గాలిని రెండు చోట్ల కొలిచి ఉంటారు. బియర్డెడ్ డ్రాగన్‌కి చెప్పే 30-40 శాతం అనేది పగటి అంకె. సముద్రం పక్కన చల్లటి చివర అది ఏడాదిలో చాలా నెలలు దొరకదు. పగలు 55 లోపు ఉంచగలిగితే ఇక్కడికి అదే గొప్ప.

ఇక నచ్చిన సంగతి. ఈ మీటరుకి మాక్స్-మిన్ బటను ఉంది, చెరిపినప్పటి నుంచి వచ్చిన అతి ఎక్కువ, అతి తక్కువ అంకెలు చూపుతుంది. పద్నాలుగు నెలలూ దీన్ని వదలకుండా వాడించింది ఆ ఒక్క బటనే. దానికో లోపం, అంకె చెబుతుంది గానీ ఏ టైముకి వచ్చిందో చెప్పదు. దారి ఏంటంటే, రాత్రి 8కి లైట్లు ఆపగానే బటను 3 సెకన్లు నొక్కి పాత అంకెలు చెరిపేయాలి. పొద్దున్న 6కి చూస్తే రాత్రి లెక్క ఒక్కటే ఉంటుంది. అది రాసుకుని మళ్లీ చెరిపితే సాయంత్రానికి పగటి లెక్క వస్తుంది. ఇలా వారం చూశాక అసలు విషయం బయటపడింది: పగలు 52, రాత్రి 88. లైటు ఆరగానే గాలి చల్లబడి తేమ శాతం ఎక్కుతుంది. పిల్ల నిద్రపోయే పది గంటలూ చిత్తడిలోనే. ఇలా నెలల తరబడి ఉంటే ఊపిరితిత్తుల జబ్బుకీ, పొట్ట కింద చర్మం కుళ్లడానికీ దారి ఇస్తుంది. పగలు చూసే మనకి ఆ సంగతి కనపడదు.

ఆ అంకె చూశాక మారినవి: సాయంత్రం 6 తర్వాత నీళ్ల గిన్నె బయటికి, నేల మీద పరిచిన కొబ్బరి పొట్టు పూర్తిగా బయటికి (నీళ్లు పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు), నేల మీద పాత పేపరు, జాలీ మూత మీద పాత కంప్యూటరు ఫ్యాను. 12 వోల్టుల ఫ్యాను ఫోన్ చార్జరు 5 వోల్టుల మీద మెల్లగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. గాలిని పైకి లాగేలా పెట్టాలి, లోపలికి ఊదేలా కాదు. రాత్రి అంకె 88 నుంచి 76కి దిగింది. అంతకంటే కిందికి రావాలంటే ఏసీ డ్రై మోడ్ వేయాలి, కరెంటు బిల్లు మీ ఇష్టం.

మరి కుబుసానికి తేమ అక్కర్లేదా అంటే, ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. పొట్టు ఊడకపోతే రోజుకు రెండుసార్లు స్ప్రే కొట్టమని విదేశీ వీడియోలు చెబుతాయి. అక్కడ చలికాలంలో హీటరు తిరిగే గదిలో తేమ 20కి పడిపోతుంది, అందుకని చెబుతారు. ఈ జంతువు మన తొండకి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. కానీ దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. విశాఖలో పొట్టు అంటుకుపోతే గాలిలో తేమ చాలక అనుకోనక్కర్లేదు. లైటు కింద వేడి చాలకపోవడం (పిల్లకి 40-42 ఉండాలి), యూవీబీ ట్యూబు (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు) పాతబడటం, ఒళ్లు రుద్దుకోవడానికి గరుకు లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, వెతకాల్సినవి ఇవి. గరుకుకి నునుపు టైలు పనికిరాదు. పాలిష్ చేయని కడప బండ ముక్క, లేదా ఒక ఇటుక చాలు. నల్లబండ కాబట్టి లైటు కింద పెడితే ఎక్కువ కాలుతుంది, మొన దాని మీద ఆనించి చూశాకే పిల్లని వదలండి.

కుబుసం ముందు ఒళ్లు బూడిద పూసినట్టు పాలిపోతుంది, తిండి తగ్గుతుంది, కళ్లు బయటికి ఉబ్బిస్తుంది. కళ్ల సంగతి చూసి భయపడొద్దు, రెప్పల మీది పొట్టు వదులు చేసుకోవడానికి అదే ఉబ్బిస్తుంది. పాములా ఒకే తొడుగుగా రాదు, ముక్కలు ముక్కలుగా రాలుతుంది. పిల్లల్లో మొదటి ఆరు నెలలూ ఇది వారానికో రెండు వారాలకో వస్తూనే ఉంటుంది, పెరిగే కొద్దీ దూరమవుతుంది. ఆ రోజుల్లో మేతగా వేసిన క్రికెట్ పురుగుల్లో తినగా మిగిలినవాటిని రాత్రికి తీసేయాలి, లేత చర్మాన్ని కొరుకుతాయి. కొబ్బరి నూనె రాయమని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. మన తలకి మంచిదే. దీని ఒంటి మీద మాత్రం దుమ్ము పట్టించడం తప్ప చేసేదేమీ లేదు.

తేమకి అక్కరకు రాని వైరు స్నానానికి బాగా ఉపయోగపడింది. టబ్బులో నీళ్లు 34 డిగ్రీలు, లోతు ముందుకాళ్ల మోచేతి దాకా, మొన నీళ్లలో వేలాడుతూ ఉండాలి. వెడల్పు టబ్బులో పది నిమిషాలకే 30కి దిగిపోతుంది. అప్పుడు మగ్గుతో వేడినీళ్లు ఓ మూలగా కలపాలి, లేదా బయటికి తీయాలి. 15 నిమిషాలు చాలు. వారానికి మూడుసార్లు, పొద్దున పూటే. సాయంత్రం స్నానం చేయిస్తే తడి ఆరకముందే లైట్లు ఆరిపోతాయి. తీశాక పాత పంచె గుడ్డతో అద్ది, నేరుగా లైటు కిందికి. పసిపిల్లల బ్రష్‌తో ముళ్ల దగ్గర పొట్టు పెరిగే వైపుకే మెల్లగా రుద్దవచ్చు. వేలితో పట్టి లాగకూడదు. దానంతట అది లేవని పొట్టు కింద కొత్త చర్మం ఇంకా సిద్ధం కాలేదని అర్థం. కళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఇంతవరకు రాసి ఆపేస్తే 'కొనేయండి' అనే అనిపిస్తుంది. మొదటి వానాకాలంలో అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను కూడా. పన్నెండో నెలలో, అంటే రెండో వానాకాలంలో, రాత్రి అంకె వరసగా 97, 98, 99. పొద్దున్నే అద్దం మీద ఒక్క నీటిబొట్టు లేదు. పగటి అంకె 64. ట్యాంకు మరీ చెమ్మగా ఉందని ఫ్యాను పగలు కూడా తిప్పడం, నీళ్ల గిన్నె పగలూ తీసేయడం మొదలైంది. ఎనిమిది రోజుల్లో ముగిసే కుబుసం పదిహేనో రోజుకీ కాలివేళ్ల మీద మిగిలింది. తోక కొసన ఉంగరంలా బిగుసుకుంది. ఆ ఉంగరం ప్రమాదం. తర్వాతి కుబుసం వచ్చేసరికి ఇంకో పొర కిందికి చేరి, బిగుసుకుని, రక్తం ఆపేస్తుంది. కొస నల్లబడి రాలిపోతుంది. బల్లి తోకలా మళ్లీ మొలవదు.

అప్పుడు చేసిన పని ఉప్పు పరీక్ష. సీసా మూత నిండా మెత్త ఉప్పు, తడి ఇసుకలా అయ్యేంత నీరు, కరిగిపోయేంత వద్దు. దాన్నీ మీటరునీ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి, వేడి మారని మూలన రాత్రంతా ఉంచాలి. తడి ఉప్పు మీది గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది, అది ఉప్పు గుణం. వైరు మోసం తెలిసిన కొత్తలో ఇదే పరీక్షకి మీటరు 77 చూపింది. ఇప్పుడు 86. అంటే 64 అని చూపిన పగలు నిజానికి 53 దగ్గర ఉంది, మునుపటిలాగే బాగుంది. లేని చెమ్మని తగ్గించబోయి పిల్లకి తాగే నీళ్లు తీసేసినట్టయింది. నెలల తరబడి తడిగాలిలో ఉంటే చవక సెన్సరులోని పలచటి పొర నీరు పీల్చి, చూపే అంకె పైకి జరుగుతుంది, దానికి తోడు సముద్రపు ఉప్పు దుమ్ము. సిలికా జెల్ పొట్లాలతో ఒక రోజు డబ్బాలో మూసి ఉంచాక 81కి దిగింది. అంతకంటే దిగలేదు. తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు, మీటరు కూడా ముదిరింది.

నేరమంతా మీటరుదే అనడం కూడా అన్యాయం. యూవీబీ ట్యూబు కూడా అప్పటికి ఏడాది పాతది, వెలుగుతున్నా పని తగ్గి ఉండొచ్చు. గిన్నె తిరిగి పెట్టి, ట్యూబు మార్చి, రోజు విడిచి రోజు స్నానం చేయిస్తే నాలుగో స్నానానికి తోక ఉంగరం జారిపోయింది. కొస రంగు మారలేదు. మారి ఉంటే, వేలు ఉబ్బి ఉంటే, ఇంట్లో ప్రయత్నాలు ఆపి సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

బీచ్ రోడ్డుకి కిలోమీటరు లోపు ఇల్లు, ఏసీ లేని గది, జాలీ మూత ట్యాంకు, ఒకే జంతువు అయితే మాక్స్-మిన్ ఉన్న ఇలాంటి చవక మీటరు తీసుకోవచ్చు. నెలకోసారి ఉప్పు పరీక్ష పెట్టి, తేడా ఎంతో ఒక కాగితం ముక్క మీద రాసి డబ్బా వెనక అంటించే ఓపిక ఉంటేనే. రోజంతా ఏసీలో ఉండే గదికి ఇది ఎలా ఉంటుందో నా వాడకంలో తేలలేదు. అక్కడ సెన్సరు అంకె ఇంత తొందరగా పైకి జరగకపోవచ్చు. కానీ లైటు కింద గాలి పాతిక శాతం లోపుకి పడిపోతుంది కాబట్టి, చూడాల్సింది మాక్స్ కాదు, మిన్. రెండు ట్యాంకులున్నవాళ్లు మాత్రం తేమ సెన్సరే వైరు చివర ఉన్న రకం వెతకండి, రెండింతలు ధరైనా సరే. కొన్నాక మొన మీద ఒకసారి ఊది చూడండి.