రెండున్నరేళ్ల బగ్ డిటెక్టర్: లైట్లు కాదు, ఇయర్‌ఫోన్ కాపాడింది

మాది విజయవాడలో చిన్న సివిల్ కాంట్రాక్టు ఆఫీసు. రెండు గదులు, ఒక మీటింగ్ టేబుల్. వరసగా రెండు టెండర్లలో మేము వేసిన లెస్ (అంచనా ధర మీద తగ్గించి వేసే శాతం) కంటే కాస్తంత ఎక్కువ లెస్ వేసి మరొకరు పని పట్టుకుపోయారు. మొదటిసారి సర్దిచెప్పుకున్నాను. రెండోసారి నిద్ర పట్టలేదు. ఎవరో బగ్ (మాటలు వినడానికి దాచిపెట్టే పరికరం) పెట్టి మా లెక్కలు వింటున్నారేమోనని అనుమానం. అప్పుడు కొన్నదే ఈ చేతిలో పట్టుకునే ఆర్‌ఎఫ్ డిటెక్టర్. దగ్గర్లో ఏదైనా రేడియో సిగ్నల్ పంపుతుంటే లైట్లతో, ఇయర్‌ఫోన్‌లో శబ్దంతో చెబుతుంది.

ఎన్ని గిగాహెర్ట్జ్ దాకా పడుతుందో డబ్బా మీదే ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది దీని ఇయర్‌ఫోన్ గురించి.

లైట్లనే నమ్ముకుని ఉంటే మొదటి వారమే వెనక్కి పంపేసేవాణ్ని. మా ఎదురు మేడ మీద సెల్ టవర్ ఉంది. ఎంత చిన్న సిగ్నల్‌ని పట్టాలో సర్దే నాబ్ పూర్తిగా తిప్పితే ఏ మూల పెట్టినా లైట్లన్నీ వెలుగుతాయి, బాగా తగ్గిస్తే పక్కనున్న నా ఫోన్‌నే పట్టదు. ఒక్క లైటు వెలిగేదాకా తిప్పి, అది ఆరేంత వెనక్కి తేవాలని తెలియడానికే నెల పట్టింది.

ఒక శనివారం రాత్రి స్టాఫ్ వెళ్లాక రౌటర్ ప్లగ్ పీకి, ఫోన్లు కింద కారులో పెట్టి వచ్చాను. కొన్ని బగ్‌లు గదిలో మాట వినిపిస్తేనే లేస్తాయి. అందుకని బ్యాటరీ రేడియో ఒకటి టేబుల్ మీద ఆన్ చేసి వదిలాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని గోడల వెంట నడిచాను. సన్నటి రొద తప్ప ఏమీ లేదు. మోకాళ్ల మీద కూర్చుని టేబుల్ కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరకు తెచ్చేసరికి వినిపించింది, ఒకప్పుడు ఫోన్ మోగబోయే ముందు టీవీ స్పీకర్లో వచ్చే ఆ శబ్దం: డిట్ డిడిట్, డిట్ డిడిట్, డ్ర్ర్ర్. 2జీ పరికరం సెకనుకు 217 సార్లు విడతలుగా సిగ్నల్ పంపుతుంది. ఆ డ్ర్ర్ర్ అదే. లైట్లు మాత్రం రెండే వెలిగాయి. గుండె గుభేలుమంది.

స్క్రూలు విప్పితే సాకెట్ల వెనక సగం అగ్గిపెట్టంత సర్క్యూట్, అందులో సిమ్. బోర్డు కరెంటుతోనే నడుస్తోంది కాబట్టి ఛార్జింగ్ అయిపోయే బెడదే లేదు. పీకి పారేయాలన్నంత కోపం వచ్చింది. కానీ సాక్ష్యం అదే కదా. ఫొటోలు తీసి, లాయర్‌తో వెళ్లి స్టేషన్‌లో అప్పగించాను.

ఆ తర్వాత ఏడాదిపాటు కనిపించిన ప్రతి కాంట్రాక్టరుకూ దీన్ని కొనమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. పోయినేడు మా ఆఫీసు ఊడ్చే ఆవిడ సోఫా జరిపితే అడుగున టేప్‌తో అంటించిన వాయిస్ రికార్డర్ దొరికింది. ప్రతి శనివారం ఆ సోఫా చుట్టూ డిటెక్టర్ తిప్పుతూనే ఉన్నాను! రికార్డర్ ఏ సిగ్నలూ పంపదు, కాబట్టి దీని లెక్కలో అది చెక్కముక్కే. ఇలాంటివి పెద్దవాళ్లకే దొరకలేదు. 1945లో మాస్కోలో అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు ఇచ్చిన, చెక్కతో చేసిన అమెరికా రాజముద్రలో బ్యాటరీ లేని బగ్ ఉంది. బయటి నుంచి రేడియో తరంగం పంపినప్పుడే పలికేది గనుక 1952 దాకా గోడ మీదే ఉండిపోయింది. ఆఫ్‌లో ఉన్న పరికరాన్ని కూడా పట్టే నాన్ లీనియర్ జంక్షన్ డిటెక్టర్లు ఉన్నాయి కానీ వాటి ధర లక్షల్లో. నేను టార్చి, అద్దం పట్టుకుని వంగి చూస్తున్నాను. ఇంకో సంగతి, 4జీ బగ్‌కు ఆ డ్ర్ర్ర్ ఉండదు, వైఫైలాగే చరచరమంటుంది.

మీదీ మాలాగే చిన్న ఆఫీసై, రాత్రిపూట గంటసేపు ఓపిగ్గా వినే వీలుంటే కొనొచ్చు. చుట్టూ పది ఆఫీసులున్న కాంప్లెక్స్‌లో పక్కవాళ్ల వైఫై నాబ్‌ను సర్దుకోనివ్వదు. ఏదైనా సరే, డబ్బు కట్టే ముందు షాపులోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పక్కన 2జీ కీప్యాడ్ ఫోన్ నుంచి ఒక కాల్ చేయించండి. ఆ డ్ర్ర్ర్ రాకుండా ఉత్త బీప్ వస్తే, సగం ధరకిచ్చినా నేనైతే తీసుకోను.