ఎర్ర మియాటాలో అల్బుకెర్కీకి, పక్క సీట్లో నాన్న

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే దాని మూలంగా. టెక్సస్‌లో మా ఫ్రిస్కో దగ్గర ఒక పెద్ద వర్క్‌షాప్‌వాళ్లు నా కారుకి ఇచ్చిన బిల్లు ఇది: డయాగ్నస్టిక్స్ 165 డాలర్లు, క్రాంక్ యాంగిల్ సెన్సర్ 389, ఇగ్నిషన్ కాయిల్ 342, ప్లగ్గులు, వైర్లు 118, లేబర్ 404. మొత్తం 1,418 డాలర్లు. కారు ఇంటికొచ్చిన మూడో రోజే మళ్లీ అలాగే ఆగిపోయింది. తిరిగి వెళ్తే "ఇంక కంప్యూటర్ మార్చి చూడాలి, 900 అవుతుంది, గ్యారంటీ ఇవ్వలేం" అన్నారు. ఇండియా నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న నాన్న ఆ కాగితం చూసి వేళ్ల మీద లెక్కేసి, "లక్షా ఇరవై వేలు పెట్టి కూడా ఎందుకు ఆగుతోందో తెలీలేదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కారు 1992 మాజ్డా మియాటా. రెండే సీట్లు, 1.6 లీటర్ ఇంజను, 116 హార్స్‌పవర్. లైట్ల బటన్ నొక్కితే హెడ్‌లైట్లు బానెట్ లోంచి పైకి లేస్తాయి. 2016లో 4,200 డాలర్లకి కొన్నాను. దాని మీద నాకున్న ఇష్టం మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయను. దాని జబ్బు ఏమిటంటే, గంట, గంటన్నర బాగానే నడుస్తుంది, తర్వాత ఉన్నట్టుండి కట్ అవుతుంది. ఒక్కోసారి అర సెకను పోయి ఒక కుదుపు ఇచ్చి అందుకుంటుంది. ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది, ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది.

ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఇప్పుడు న్యూ మెక్సికోలో, అల్బుకెర్కీలో ఉంటున్నాడు. వాడికి పాత మియాటాలంటే ప్రాణం, గరాజ్‌లో రెండు ఉన్నాయి. రెండు వారాంతాలు వీడియో కాల్‌లో ప్రయత్నించాడు, కానీ కారు ఇంటి ముందు ఆపి ఉంచితే ఎంతసేపటికీ ఆగదు కదా. చివరికి "తీసుకొచ్చెయ్‌రా" అన్నాడు. ట్రక్కు మీద పంపడానికి 840 డాలర్లు అడిగారు. నడుపుకుంటూ వెళ్దామని నిర్ణయించుకుంటే మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఆవిడ భయంలో తప్పేమీ లేదు. దారిలో ఆగిపోయే కారుతో అందరూ ఇలా బయల్దేరకూడదు. నేను 100 మైళ్ల దాకా టోయింగ్ వచ్చే ట్రిపుల్ ఏ ప్లస్ సభ్యత్వం తీసుకుని, పగలే, కుడి లేన్‌లోనే నడిపాను. పక్క సీట్లో ఎవరు అన్న ప్రశ్నే రాలేదు, నాన్న ముందురోజే తన మఫ్లర్ తీసి పెట్టుకున్నారు. నరసరావుపేట ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన.

ఫ్రిస్కో నుంచి యూఎస్ 380 రోడ్డు మీద డెకటర్, అక్కణ్ణుంచి యూఎస్ 287 పట్టుకుంటే విచిటా ఫాల్స్, వెర్నన్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో. చాలావరకు నాలుగు లేన్ల మంచి రోడ్డు, పక్కకి ఆపుకోవడానికి చోటుంది. ఒక్కటే జాగ్రత్త, మధ్యలో చిన్న ఊళ్లు వచ్చినప్పుడల్లా స్పీడ్ లిమిట్ ఒక్కసారిగా పడిపోతుంది, అక్కడ పోలీసులు ఉంటారు. పెట్రోలు ఫుల్ ట్యాంక్‌తో బయల్దేరి దారిలో రెండుసార్లు కొట్టించాను, అల్బుకెర్కీ దాకా మొత్తం 71 డాలర్ల 40 సెంట్లు.

వెర్నన్ దాటాక మొదటి కుదుపు. చిల్డ్రెస్ దాటి మెంఫిస్ (టెక్సస్‌లోనే చిన్న ఊరు) ఇంకా కొన్ని మైళ్లుందనగా పూర్తిగా ఆగింది. పక్కకి తీసి బానెట్ ఎత్తి నిలబడ్డాను. గాలి ఎంతలా ఉందంటే బానెట్ చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. నాన్న కారు వైపు చూడనే లేదు, తిన్నగా కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అటువైపు కనుచూపుమేర పత్తి. అక్టోబరు మూడో వారం, కాయలన్నీ పగిలి చేను తెల్లగా ఉంది. "మన పల్నాడులో పత్తి నడుం దాకా వస్తుంది, ఇదేంట్రా మోకాలి ఎత్తు లేదు" అన్నారు. దూరంగా ఒక యంత్రం చాళ్లు చాళ్లుగా పత్తి లాగేసుకుంటూ వస్తోంది. "ఇంత చేలో ఒక్క కూలీ లేడు" అని చాలాసేపు దాన్నే చూశారు. నలభై నిమిషాల తర్వాత కారు స్టార్ట్ అయింది. ఎక్కి కూర్చున్నాక ఆయన అన్న మాట నేను టెన్షన్‌లో సరిగ్గా వినిపించుకోలేదు. అదేమిటో తర్వాత చెప్తాను.

అమరిల్లోలో రాత్రి. ఇక్కడ హోటల్ గురించి రాయాల్సిందే. ఐ-40 పక్కన ఒక మోటెల్, బుకింగ్ సైట్‌లో 88 డాలర్లు, టాక్సులతో 101 డాలర్ల 20 సెంట్లు, పైగా కార్డు మీద ఇంకో 50 హోల్డ్. నాన్-స్మోకింగ్ గది అని రాసుంది, తలుపు తీయగానే సిగరెట్ కంపు. అది కూడా ఓర్చుకున్నాం. పొద్దున ఆరింటికి నాన్న స్నానానికి వెళ్తే వేడినీళ్లు లేవు. కౌంటర్‌లో అబ్బాయి "ఇరవై నిమిషాలు తిప్పి వదిలేయండి" అన్నాడు. వదిలేశాం. అరగంటకి కూడా గోరువెచ్చన కాలేదు. బయట ఏడు డిగ్రీలు. ఆయన స్నానం చేయకుండా కాఫీ కూడా ముట్టుకోరు, ఈ వయసులో ఆ అలవాటు మార్చమని నేను అడగలేను. ఐస్ కోసం పెట్టిన చిన్న ప్లాస్టిక్ బకెట్ తీసుకుని ఆ చన్నీళ్లే పోసుకుని వచ్చారు. పెదాలు వణుకుతున్నాయి, ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. కౌంటర్‌కి వెళ్లి అడిగితే "మీరు సైట్‌లో బుక్ చేశారు, డబ్బు సంగతి వాళ్లతోనే మాట్లాడుకోండి" అన్నారు. సైట్‌వాళ్లతో 50 నిమిషాలు ఫోన్‌లో ఉంటే 15 డాలర్ల కూపన్ ఇచ్చారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి బుక్ చేసుకోండి, గదిలోకి వెళ్లగానే సామాను దించకముందే వేడి కుళాయి తిప్పి చూడండి.

అమరిల్లో పడమర శివార్లలో కాడిలాక్ రాంచ్ చూశాం. 1974లో పది కాడిలాక్ కార్లని ముక్కు కిందికి పెట్టి పొలంలో పాతేశారు, ఎవరైనా వెళ్లి రంగు కొట్టొచ్చు, టికెట్ లేదు. పాతకార్ల మీద ఇష్టం ఉన్న నాకు పెద్దగా నచ్చలేదు, నాన్నకి అసలు నచ్చలేదు. "నడిచే బండ్లని పూడ్చడమేంటి" అని పది నిమిషాల్లో కారెక్కేశారు. టైముంటే అటు కాకుండా పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్లండి, దేశంలో గ్రాండ్ కాన్యన్ తర్వాత పెద్ద లోయ అదేనంటారు. మాకు కుదరలేదు.

పదకొండు దాకా నాన్న ముభావంగానే ఉన్నారు. న్యూ మెక్సికోలోకి వస్తే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. సరిహద్దు దాటాక ఒక ట్రక్ స్టాప్‌లో డీజిల్ పంపుల వెనకాల పంజాబీ ధాబా కనిపించింది. ఈ ఐ-40 మీద సిక్కు డ్రైవర్లు చాలామంది తిరుగుతారు, వాళ్ల కోసం అక్కడక్కడా ఇలాంటివి వెలిశాయని విన్నాను గానీ తినడం ఇదే మొదటిసారి. నాలుగు బల్లలు, ఒక టీవీ, గోడకి గురునానక్ పటం. అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెలు, మినపపప్పు, అల్లం వేసిన ఆలూ గోబీ, ఒక ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. ఇద్దరికీ టీతో కలిపి 27 డాలర్లు. నాన్న పచ్చిమిరపకాయ కొరికి, "దీనికి కారం ఉంది" అన్నారు, ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే. పక్క బల్ల మీద పెద్దాయన కాలిఫోర్నియా నుంచి లోడు తెస్తున్నాడట, తనకొచ్చిన హిందీలో నాన్న ఆయన్ని క్లచ్ ప్లేట్లు ఎన్ని మైళ్లకి మారుస్తారో అడిగి కనుక్కున్నారు. ఆ ధాబా వంటాయన రెండో టీకి డబ్బు తీసుకోలేదు. అమెరికాలో పదిహేనేళ్లలో నేను తిన్న మంచి భోజనాల్లో ఇదొకటని ఏ మాత్రం సందేహం లేకుండా చెప్తాను.

మధ్యాహ్నానికి అల్బుకెర్కీ. సాంటా రోసా దాటాక ఎత్తు పెరుగుతూ పోతుంది, చిన్న ఇంజను కాబట్టి ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లోకి దిగాలి. దారిలో రెండుసార్లు కుదుపులు, ఆగడం మాత్రం లేదు.

మా వాడు, అంటే నా రూమ్మేట్, కారు గరాజ్‌లోకి తీసుకోగానే పానాలు పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు. స్టూలు వేసుకుని కూర్చుని అరగంట ప్రశ్నలే. ఎంతసేపటికి ఆగుతుంది, కుదుపు ముందు వస్తుందా, ఆగినప్పుడు ఏ గేర్‌లో ఉన్నావు, హీటర్ వేసుందా. తర్వాత "కట్ అయినప్పుడు టాకోమీటర్ ముల్లు మెల్లగా దిగుతుందా, టక్కున పడుతుందా?" అన్నాడు. నేను రోడ్డు చూస్తున్నాను గానీ ఇంజను ఆర్‌పీఎం చూపించే ఆ ముల్లు చూడలేదు. వాడు నాన్న వైపు తిరిగి, "బాబాయ్, మీరేమన్నా గమనించారా?" అన్నాడు.

"అన్ని ముళ్లూ ఒక్కసారే పడ్డాయి బాబూ. ఆర్‌పీఎం, వేడి, ఆయిల్ ప్రెషర్, మూడూ. స్పీడు ముల్లు ఒక్కటే నిలబడింది. ఆ రోజే మావాడికి చెప్పాను."

పత్తిచేను దగ్గర కారెక్కాక ఆయన అన్నది ఇదే.

మా వాడి మొహం వెలిగిపోయింది. ఈ మోడల్‌లో స్పీడోమీటర్ కేబుల్‌తో తిరుగుతుంది, దానికి కరెంటుతో పని లేదు. మిగతా ముళ్లన్నీ ఒకేసారి పడ్డాయంటే సెన్సరో కాయిలో కాదు, మొత్తం ఇగ్నిషన్ సప్లయే పోతోంది. ఈ 1992 కారుకి ఇప్పటి స్కానర్లు తగిలించలేం, ఇంజను దగ్గర చిన్న డబ్బాలో రెండు పిన్నులని వైరుతో కలిపితే చెక్ ఇంజను లైట్ మిణుకుతూ ఏం పాడైందో కోడ్‌లో చెప్తుంది. కలిపి చూశాడు, ఏ కోడూ లేదు. సెన్సర్ పాడైతే కంప్యూటర్ రాసుకునేది, కంప్యూటర్‌కే కరెంటు పోతే ఏం రాసుకుంటుంది? వర్క్‌షాప్‌వాళ్లు కూడా "కోడ్ లేదు" అనే చెప్పారు, చెప్పి సెన్సర్ మార్చారు.

తర్వాత వాడు చేసిన పని చూడాల్సిందే. మీటర్ ఫ్యూజు దగ్గర్నుంచి వైరు లాగి చిన్న బల్బు ఒకటి డాష్‌బోర్డు మీద టేపుతో అంటించాడు. ఇంజను నడుస్తుండగా ఇగ్నిషన్‌లో ఉన్న తాళంచెవిని రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం అటూ ఇటూ కదిపాడు. బల్బు మినుకు మినుకుమంది. ఇంకొంచెం కదిపితే బల్బు ఆరింది, ఇంజనూ ఆరింది. ముగ్గురం ఏమీ మాట్లాడలేదు. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, స్విచ్ దాటాక 10.1. తాళం వెనకాల ఉండే ఇగ్నిషన్ స్విచ్ లోపల కాంటాక్టులు అరిగిపోయాయి, కాసేపు నడిచాక వేడెక్కి వదిలేస్తున్నాయి. నా తాళాల గుత్తిలో ఇంటివి, ఆఫీసువి, పోస్టుబాక్సుది, మా ఆవిడ కారు రిమోట్, తిరుపతి ఇత్తడి బిళ్ల. మా వాడి భార్య వంటింటి కాటా తెచ్చి తూచింది, 186 గ్రాములు. ఏళ్ల తరబడి ఆ బరువు గతుకుల్లో ఊగుతూ అరుగుదలని ఇంకా పెంచి ఉంటుందని వాడి అనుమానం.

పార్టు ధర 46 డాలర్ల 80 సెంట్లు, మర్నాటి మధ్యాహ్నానికి వచ్చింది. ఈలోపు సాండియా కొండ మీదికి తీగబండిలో వెళ్లొచ్చాం, 2.7 మైళ్ల ప్రయాణం, పైన 10,378 అడుగులు, పెద్దవాళ్లకి పైన కొంచెం ఆయాసం వస్తుంది కాబట్టి మెల్లగా నడిపించండి. అక్టోబరు మొదట్లో బెలూన్ ఫియెస్టా రోజుల్లో మాత్రం గది దొరకడం కష్టం, దొరికినా రేటు చుక్కల్లో ఉంటుంది. మాకు ఆ బాధ లేదు, ఉన్న మూడు రోజులూ ఆ ఇంట్లో గోంగూర పచ్చడి, వేడి వేడి అన్నం, బకెట్ నిండా మరిగే నీళ్లు. నాన్నని ఆ అమ్మాయి సొంత కూతురిలా చూసుకుంది.

స్విచ్ మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ తీసి, పాతది ఊడదీసి నాన్న చేతిలో పెట్టాడు. ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి కొంచెం కరిగి ఉంది. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "కాలిన వాసన" అని నాకందించారు. నిజంగానే కాలిన వాసన.

తిరుగు ప్రయాణంలో ఒక్క కుదుపు లేదు. అమరిల్లోలో ఈసారి ఆగలేదు, తుకుమ్‌కారీలో రాత్రి పడుకున్నాం, 79 డాలర్లు, శుభ్రమైన గది, నీళ్లు పొగలు కక్కాయి. మెంఫిస్ దాటాక ఆ పత్తిచేను పక్కన కావాలనే ఆపాను. చేను కోసేశారు, మోళ్లే మిగిలాయి. ఇంజను ఆపేసి తాళంచెవి నాన్నకిచ్చాను, ఇప్పుడది ఒక్కటే, పక్కన ఏమీ వేలాడటం లేదు. ఆయనే తిప్పి స్టార్ట్ చేశారు.

ఇంటికొచ్చాక వర్క్‌షాప్‌కి ఫోటోలు, కొలతలు, పాత బిల్లు అన్నీ పంపాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది, మార్చిన పార్టులకి డబ్బు వెనక్కి ఇవ్వరట, డయాగ్నస్టిక్స్ 165 డాలర్లు మాత్రం తర్వాతి సర్వీసులో తగ్గిస్తారట. నేను మళ్లీ అక్కడికి వెళ్లను. పాత స్విచ్ నాన్న సూట్‌కేసులో, జేబురుమాలులో చుట్టి ఉంది. నరసరావుపేట వెళ్లాక డిపోలో తనతో పనిచేసినవాళ్లకి చూపిస్తారట.