ఆరేళ్లు క్రిటా, నాలుగేళ్లు ఇంక్‌స్కేప్: ఏది ఎప్పుడు వాడాలి?

కొత్తగా బొమ్మలు వేద్దామనుకునేవాళ్లు ఏ యాప్ మంచిదని అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: ఆ బొమ్మ చివరికి ఎంత సైజులో కనిపించాలి? ఈ మాట మొదట్లో నన్నెవరూ అడగలేదు.

మొదటి రెండేళ్లు క్రిటా తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఫ్రీ యాప్, పైగా బ్రష్‌లు అద్భుతం. పెన్ను ఎంత నొక్కితే గీత అంత లావెక్కుతుంది, 4, 6 మీటలతో కాన్వాస్‌ని అటూ ఇటూ తిప్పుకోవచ్చు, ఎం (M) మీట నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, అప్పటిదాకా కనబడని వంకర కన్ను ఠక్కున బయటపడుతుంది. ముఖాలు వేసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

అదే ధైర్యంతో తెలిసినవాళ్లకి లోగో కూడా అందులోనే, 1200 పిక్సెళ్ల (బొమ్మని కట్టే చిన్న చుక్కల) వెడల్పుతో వేసిచ్చాను. ఫోన్‌లో ముచ్చటగా ఉంది. కొన్నాళ్లకి దాన్నే 10 అడుగుల బ్యానర్‌కి అడిగారు. 10 అడుగులంటే 120 అంగుళాలు, అంటే అంగుళానికి పట్టుమని 10 పిక్సెళ్లు. బ్యానర్‌ని దూరం నుంచి చూస్తారు కాబట్టి మామూలు ప్రింట్‌లా అంగుళానికి 300 అక్కర్లేదు, నిజమే, కానీ 10 మరీ అన్యాయం, అక్షరాల అంచులన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి.

అప్పుడు వెక్టర్ బొమ్మలు వేసే ఇంక్‌స్కేప్ తెరిచి, పిక్సెల్ బొమ్మని తనే వెక్టర్‌గా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ కొడితే పనైపోతుందనుకున్నాను. నోడ్ టూల్‌తో చూస్తే ఒక్క అక్షరం చుట్టూ చీమల బారులా నోడ్లు, అంటే గీతని పట్టి ఉంచే బిందువులు! వాటిని తగ్గించే సింప్లిఫై కొడితే నోడ్లు తగ్గాయి గానీ, పదునుగా ఉండాల్సిన మూలలు గుండ్రంగా అయిపోయాయి. చివరికి పాత బొమ్మని కింది లేయర్‌లో పెట్టి లాక్ చేసి, దాని మీద పెన్ టూల్‌తో మొదటినుంచి గీశాను. గుండ్రటి భాగాలకి నాలుగేసి నోడ్లు చాలాయి. వెక్టర్‌లో ఉండేది పిక్సెళ్లు కాదు, వంపుల లెక్క, అందుకే ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

ఒక్క జాగ్రత్త. బొమ్మని చిన్నది, పెద్దది చేసేటప్పుడు గీత మందం కూడా దాంతో పాటు మారాలా వద్దా అనేదానికి పైన టూల్‌బార్‌లో ఒక బటన్ ఉంది. అది ఆఫ్‌లో ఉంటే చిన్నది చేసిన లోగోలో గీతలు లావుగానే ఉండి ఒకదాని మీద ఒకటి పడతాయి.

అలాగని అన్నీ వెక్టర్‌లోనే వేద్దామనుకోకండి. ఒక ముసలావిడ ముఖాన్ని ఇంక్‌స్కేప్‌లో గ్రేడియంట్లతో (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారేవి) మూడు రోజులు దిద్దాను, ముడతల దగ్గర చర్మం ప్లాస్టిక్‌లాగే ఉండిపోయింది. అదే క్రిటాలో ఒక్క సాయంత్రం పట్టింది.

ఐప్యాడ్ ఉన్నవాళ్లు ప్రొక్రియేట్ అంటారు, హాయిగా ఉంటుంది, కానీ అదీ పిక్సెల్ యాపే, పైగా కాన్వాస్ పెంచేకొద్దీ లేయర్లు తగ్గిపోతాయి. పిక్సెల్, వెక్టర్ రెండు పనులూ ఒకే ఫైల్‌లో కావాలంటే అఫినిటీ (ఇదివరకు అఫినిటీ డిజైనర్) చూడండి.

నాకు మాత్రం ఇప్పటికీ ఈ రెండే. లోగో అయినా చిత్తు గీతలు క్రిటాలోనే, చెయ్యి అక్కడ స్వేచ్ఛగా ఆడుతుంది, నచ్చినదాన్ని ఇంక్‌స్కేప్‌లో పెట్టి మళ్లీ గీస్తాను. పెయింటింగ్ అయితే ప్రింట్ అడిగినా అడక్కపోయినా ఏ4కి 2480×3508 పిక్సెళ్లతోనే (అంగుళానికి 300) కాన్వాస్ తెరుస్తాను. కంప్యూటర్ కాస్త నెమ్మదించినా సరే.