హెడ్ హాల్టర్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

బలమైన కుక్కను నడిపించలేక సతమతమవుతున్నవారికి దాని మూతి చుట్టూ, మెడ చుట్టూ పట్టీలతో తగిలించే హెడ్ హాల్టర్ నిజంగా అక్కరకొస్తుంది. మా లాబ్రడార్ చిట్టికి కొన్నేళ్లుగా ఇదే వాడుతున్నాను. అయితే కొన్న రోజే ముఖానికి తగిలించి వీధిలోకి తీసుకెళ్లే వస్తువు మాత్రం కాదిది. తప్పుగా వాడితే మెడకు హాని చేస్తుంది.

మామూలు కాలర్ వేస్తే కుక్క తన ఛాతీ బలమంతా పెట్టి లాగుతుంది. హాల్టర్‌కు లీష్ (మనం పట్టుకుని నడిపించే తాడు) గడ్డం కింద తగిలిస్తాం. లాగితే ముక్కు పక్కకు తిరుగుతుంది, తల తిరిగాక ఒళ్లు ముందుకు పోదు. గుర్రాన్ని నడిపించే పద్ధతే ఇది. మూతి చుట్టూ పట్టీ చూసి చాలామంది దీన్ని కరవకుండా మూతికి తొడిగే మజిల్ అనుకుంటారు. దీనితో కుక్క నోరు తెరవగలదు, రొప్పగలదు, నీళ్లు తాగగలదు, కరవనూ గలదు. కరిచే భయం ఉన్న కుక్కకు ఇది రక్షణ కాదు.

జెంటిల్ లీడర్ రకంలో మెడపట్టీని, ముక్కుపట్టీని విడివిడిగా సర్దుకోవచ్చు. హాల్టీ రకానికి బుగ్గల మీదుగా కూడా పట్టీలుంటాయి. లీష్ తల వెనక తగిలే రకాలూ ఉన్నాయి. నాకు మొదటిదే నచ్చింది. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి కుక్కలకు ముక్కుపట్టీ నిలవదు, వాటికి వద్దు.

అసలు సంగతంతా అమర్చడంలోనే ఉంది. మెడపట్టీ చెవుల వెనకే, బాగా పైన, ఒక వేలు మాత్రమే దూరేంత బిగువుగా ఉండాలి. ముక్కుపట్టీ వదులుగా ఉండాలి: ముక్కు కొసన ఉండే తోలు దాకా జారాలి, ఊడి రాకూడదు. చాలామంది జాలిపడి మెడ దగ్గర వదులు చేసి, ముక్కు దగ్గర బిగిస్తారు. అప్పుడు పట్టీ కళ్లలోకి ఎగబాకుతుంది, మూతి ఒరుసుకుంటుంది. నడక అయ్యాక చిట్టి ముక్కు మీది పొట్టి వెంట్రుకలను బొటనవేలితో పాయదీసి చూస్తాను. వెంట్రుక తెగినా, చర్మం ఎర్రబడినా, మానేదాకా హాల్టర్ పక్కన పెట్టేస్తాను.

అలవాటు చేయడానికి ఓపిక కావాలి. ముక్కుపట్టీని గాలిలో పట్టుకుని, దాని అవతలి నుంచి తాయిలం చూపించేదాన్ని. చిట్టి తనంతట తానే మూతి దూర్చేది. ఆ తర్వాతే బకిల్ పెట్టడం, అదీ ఇంట్లో, కాసేపే. నేలకు మూతి రుద్దినప్పుడు కసరకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్లేదాన్ని. కొన్ని కుక్కలకు దీనికి వారాలు పడుతుంది.

హాల్టర్ వేయగానే తల దించి, తోక ముడిచి, పెదవులు నాక్కుంటూ, తాయిలం కూడా వద్దని నడిచే కుక్కను చూసి ‘ఎంత బుద్ధిగా ఉందో’ అంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది బుద్ధి కాదు, బెదురు. అలాంటి కుక్కకు వెంటనే తీసేయాలి.

లీష్ పొట్టిగా, వదులుగా పట్టాలి. ఎప్పుడూ గుంజకూడదు. సాగే లీష్, పొడవాటి తాడు అసలు తగిలించకూడదు. కుక్క పరుగెత్తి చివరికి వచ్చేసరికి ఒళ్లు ముందుకు, తల వెనక్కి పోయి మెడ మెలిపడుతుంది. హాల్టర్‌తో కట్టేయడం, ఒంటరిగా వదలడం, ఆటకు వదలడం కూడా ప్రమాదమే. రెండు వైపులా కొక్కేలున్న లీష్ కొని, రెండో కొస హార్నెస్‌కు (ఛాతీ, వీపు చుట్టూ వేసే పట్టీలకు) తగిలించండి. ఒకసారి పిల్లిని చూసి చిట్టి వెనక్కి జంకి, ముంగాలితో ముక్కుపట్టీని లాగేసుకుంది. హార్నెస్ కొక్కెం ఉండబట్టే రోడ్డు మీదికి పోలేదు.

వదులు లీష్‌తో పక్కన నడవడం విడిగా నేర్పాల్సిందే, హాల్టర్ ఆ పని చేసిపెట్టదు. చిట్టి పక్కన నడిచిన ప్రతిసారీ తాయిలం ఇస్తూ వచ్చాను. ఇప్పుడు రద్దీ చోట్ల మాత్రమే హాల్టర్ వేస్తాను, మిగతా దారుల్లో హార్నెస్ చాలు. ఛాతీ దగ్గర లీష్ తగిలే హార్నెస్‌తోనే మీ కుక్క లాగడం మానితే ఇది కొనకండి. మెడ, వెన్ను, కంటి జబ్బులున్న కుక్కకైతే ముందు పశువైద్యుణ్ణి అడగండి.