శ్రీకాకుళంలో పాత బైబిలు బైండింగ్ చేయించేను, నాలుగు స్టార్లు

ముందు షాపు సంగతి చెప్పీస్తాను, మధ్యలో నా సొంత సోది కొంచెం వస్తాది, అక్కర్లేనివాళ్ళు దాటీయండి.

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్ళిపోయేంత దూరం, ఒక సందులో జిరాక్సు షాపు పక్కన. బోర్డు రంగు వెలిసిపోయి కనబడదు. ఒక పెద్దాయన, ఆయన కొడుకు, ఒక ఇనప ప్రెస్సు, మైదా జిగురు వాసన, అంతే షాపంటే. ఎక్కువగా స్కూలు రిజిస్టర్లు, ఆఫీసు ఫైళ్ళు, కాలేజీ పిల్లల రికార్డులు చేస్తారు. నేను పట్టుకెళ్ళింది మా అమ్మ బైబిలు. అట్ట ఊడిపోయింది, వెన్ను చీలిపోయింది, ఆదికాండం మొదటి పేజీలు ఒక రబ్బరు బ్యాండు మీద బతుకుతున్నాయి.

నిజం ఒప్పుకోవాలి కదా, నేను దాన్ని బాగుచేయించి చదువుకుందామని పట్టుకెళ్ళలేదు. సండే స్కూలుకి వెళ్ళే మా చిన్నమ్మాయికి ఇచ్చీసి నేను కొత్తది కొనీద్దామని. మా ఎదురింటి బ్రదర్ దుబాయ్ నుంచి వచ్చేడు, మా చర్చిలోనే ముందు వరసలో కూచుంటాడు, ఆయన చేతిలో ఒక బైబిలు ఉందండీ బాబూ, మెత్తటి లెదరు, చుట్టూ జిప్పు, అంచులకి బంగారు రంగు, పక్కన వేలు పెట్టి తీసుకునే ఇండెక్సు. ప్రసంగంలో అయ్యగారు ఏ రిఫరెన్సు చెప్పినా ఆయన టక్కున తీసీస్తాడు, ఇక్కడ నేను హబక్కూకు ఎక్కడుందో వెతుక్కునేసరికి పేజీలు ఊడి వొళ్ళో పడతాయి. ఆన్‌లైన్‌లో అలాంటిది చూసేను, రెండు వేల పైచిలుకు. కార్టులో పెట్టీసి మా ఆవిడకి తెలీకుండా రోజూ రాత్రి ఒకసారి చూసుకుని పడుకునేవాణ్ణి.

నవ్వొచ్చేదేటంటే నేను ఏ పుస్తకం మీద ఆశపడ్డానో ఆ పుస్తకంలోనే, నిర్గమకాండం 20వ అధ్యాయం 17లో, పొరుగువాడిది ఏదీ ఆశింపకూడదని రాసుంది. ఇల్లు, ఎద్దు, గాడిద అని లిస్టు కూడా ఉంది. జిప్పు బైబిలు ఆ లిస్టులో లేదు కాబట్టి నాకు వర్తించదనుకున్నానేమో. పైగా పది ఆజ్ఞల్లో ఇదొకటి, మిగతా వాటిలో దొంగతనం, నరహత్య, అబద్ధసాక్ష్యం ఇవన్నీ ఎవరో ఒకరికి కనబడేవి, ఇది మాత్రం లోపల జరిగేది, ఎవడూ కేసు పెట్టలేడు. అపొస్తలుడైన పౌలంతటివాడే రోమా పత్రిక 7లో ఆశింపవద్దని ధర్మశాస్త్రం చెప్పకపోతే దురాశంటే ఏటో నాకు తెలీకపోను అన్నాడు, ఇంక మనమెంత.

సరే షాపులోకి వస్తాను. పెద్దాయన పుస్తకం తీసుకుని ముందు వెన్ను చూసేడు. "మాస్టారూ, ఇది దారంతో కుట్టిన పుస్తకమండి, పారీకండి" అన్నాడు. కొత్తది కొందామనుకుంటున్నానండి అని నసిగేను. "కొనుక్కోండి, కొన్నేళ్ళు పోతే అది కూడా నా దగ్గరికే వస్తాది" అన్నాడు, వ్యాపారం మాటే గానీ నాకు ఎక్కడో తగిలింది. మూడొందల యాభై చెప్పేడు, బేరం ఆడితే ఇరవై తగ్గించేడు. వారం అన్నాడు, పన్నెండు రోజులు పట్టింది. జూన్ కదా, స్కూలు రిజిస్టర్లు గుట్టలుగా ఉన్నాయి, అలాగని వారమని చెప్పడమెందుకు.

ఆ పన్నెండు రోజులూ ఫోన్‌లో యాప్‌లోనే చదివేను. కింద యాడ్స్ వస్తుంటాయి, సరిగ్గా యెహోషువ 7 చదువుతుంటే కింద షర్టులు సగం ధరకే అని. ఆ అధ్యాయంలో ఆకాను అనే ఇశ్రాయేలీయుడు, ఎవరూ తీసుకోకూడదన్న దోపుడుసొమ్ములో ఒక మంచి షీనారు పైవస్త్రం, రెండు వందల తులాల వెండి, యాభై తులాల బంగారు కమ్మీ చూసి, ఆశపడి, తీసుకుని, డేరాలో మట్టి కింద దాచీసేడు. చిన్నప్పటి నుంచి విన్న కథే గానీ ఆ రోజు ఒక సంగతి తోచింది, అంత ఖరీదైన బట్ట తెచ్చి ఒక్కసారైనా కట్టుకోడానికి వీల్లేకపోయింది పాపం, మట్టిలో పెట్టుకున్నాడు. నా కార్టు కూడా అలాంటిదే కదా అనిపించింది, మా ఆవిడ గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టీవాణ్ణి. అహాబు కథ ఇంకా ఘోరం, దేశానికి రాజు, నాబోతు అనే పొరుగాయన తన ద్రాక్షతోట ఇవ్వనన్నాడని మంచమెక్కి గోడవైపు తిరిగి అన్నం మానీసేడు. ఎందుకంటే ఆ స్థలంలో కూరతోట వేసుకోడానికట! మా ఇంట్లో నేనూ అలిగి పడుకున్న రోజులున్నాయి, ఎదురింటాయన టైల్స్ వేయించినప్పుడు ఒకటి, ఆ ముందు బుల్లెట్ బండి కొన్నప్పుడు ఒకటి. బైబిలుతో మొదలవలేదు నాకు ఈ జబ్బు.

నా బండి వెనకాల కూడా చాలామంది లాగే ఫిలిప్పీ 4:13 స్టిక్కరు ఉంది, నన్ను బలపరచువానియందే సమస్తమును చేయగలను అని. కొత్త బండి, కొత్త ఇల్లు, ప్రమోషను అన్నింటికీ అదే వాడతాం. కాస్త పైకెళ్ళి 11, 12 చదివితే అక్కడ చెరసాల్లో ఉన్న మనిషి, ఆ పౌలే, ఆకలైనా, కడుపు నిండినా, ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటున్నాడు. ఆ సమస్తంలో లేమి కూడా ఉంది. ఇంకో మాట, నేర్చుకున్నాను అన్నాడు చూడండి, అంటే పుట్టుకతో వచ్చింది కాదు, ఆయనకీ టైము పట్టింది. నాకు అదే కొంచెం ధైర్యం.

పన్నెండో రోజు వెళ్ళేను. పని మాత్రం బ్రహ్మాండం. పాత జిగురంతా గోకీసి ఫారాలన్నీ, అంటే మడతపెట్టిన పేజీల కట్టలు, విడదీసి మళ్ళీ నాడాల మీద దారంతో కుట్టేడు, ఎక్కడ తెరిచినా పుస్తకం పరుచుకుని పడుంటోంది. జిగురులో మైలుతుత్తం కలుపుతారట, పురుగు పట్టదని. అంచులు మాత్రం కట్ చెయ్యలేదు, ఎందుకంటే అమ్మ మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్నవి పోతాయని, నేను చెప్పకుండానే ఆయనే చూసుకున్నాడు. పైన నల్ల రెగ్జిను. పేజీల మధ్య దొరికినవన్నీ ఒక కవర్లో వేసి ఇచ్చేడు, ఎండిపోయిన మట్టల ఆదివారం కొబ్బరాకు శిలువ, ఆమదాలవలస బస్సు టిక్కెట్టు, ఒక రూళ్ళ కాగితం. సంఖ్యాకాండంలో ఉందట ఆ కాగితం, అందుకే ఇన్నాళ్ళూ నాకు కనబడలేదు, సంఖ్యాకాండం ఎవరు చదువుతారండి.

కాగితం మీద అమ్మ రాత, పైన "కావలసినవి" అని. కుక్కరు, సీలింగు ఫ్యాను, బాబుకి బూట్లు, పొందూరు చీర ఒకటి, రేడియో. కుక్కరు, ఫ్యాను, బూట్లు కొట్టీసి ఉన్నాయి. చీర, రేడియో కొట్టలేదు. మా ఇంట్లో రేడియో ఎప్పుడూ లేదు, పొందూరు చీర అమ్మ కట్టగా నేను చూడలేదు. అమ్మకి ఏ ఆశలూ లేవని, అలాంటి మనిషని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను, సమాధి కూటంలో సాక్ష్యం కూడా అలాగే చెప్పేను. ఆశ ఉందండి, రాసుకుంది, నా బూట్లు ముందు కొట్టీసింది, మిగతావి మడిచి అందులో పెట్టీసి ఆదివారం ఆదివారం చర్చికి పట్టుకెళ్ళింది. కార్టు ఆ రాత్రి ఖాళీ చేసేను, మా ఆవిడకి కూడా చెప్పీసేను, "నాకు ఎప్పుడో తెలుసు" అంది.

అలాగని నేనేదో మారిపోయేనని కాదు, మొన్న ఆదివారం ఆయన జిప్పు జర్రుమని తీస్తే నా తల అటు తిరిగింది.

ఒక స్టారు ఎందుకు కోసేనంటే, లేటు ఒకటి, ఎర్ర రిబ్బను చెప్తే ఆకుపచ్చది పెట్టడం ఒకటి, అసలుది అట్ట మీద బంగారు అక్షరాలు. "పరిశుద్ద గ్రంథము" అని వేసేడు. ద కింద ద. మళ్ళీ వేయాలంటే రెగ్జిను మార్చాలన్నాడు, వద్దులెండి అనీసేను. చిన్నమ్మాయి తెలుగు టీచరు చూస్తే ఏటంటారో.

వెళ్ళేవాళ్ళు పదింటి తర్వాత వెళ్ళండి, మధ్యాహ్నం భోజనానికి మూసీస్తారు, ఆదివారం ఉండదు. ఫోన్‌పే ఉంది. జూన్, జులైలో ఇవ్వకండి. అట్ట మీద ఏం రావాలో కాగితం మీద పెద్దక్షరాల్తో మీరే రాసిచ్చీండి, ఒత్తులు వేలితో చూపించి మరీ.