పర్లాకిమిడి ఇంట్లో స్మార్ట్ స్విచ్చులు: వాడి చూశాక నా మాట

స్మార్ట్ హోమ్, అంటే లైట్లూ ఫ్యాన్లూ ఫోన్‌తోనో మాటతోనో నడిపే ఇల్లు, అనగానే అందరూ ముందు మాట వినే స్పీకర్ కొంటారు. నన్నడిగితే దాన్ని ఆఖరున కొనండి. ముందు ఇన్వర్టర్, తర్వాత పని తెలిసిన ఎలక్ట్రీషియన్, ఆ తర్వాత స్విచ్ మాడ్యూళ్లు, అంటే మామూలు స్విచ్‌ను ఫోన్‌తో కూడా నడిపించే చిన్న పరికరాలు. ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు మాట్లాడే డబ్బా. 2020 నుంచి ఒక్కొక్కటే పెట్టించుకుని వాడుతున్నాను కాబట్టి ఈ వరస ధైర్యంగా చెప్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పకపోతే ఈ సమీక్ష మీకు పనికొస్తుందో లేదో తేలదు. నాకు లింబ్ గర్డిల్ రకం మస్కులర్ డిస్ట్రోఫీ. ఇందులో తుంటి, భుజాల కండరాలు ముందు బలం కోల్పోతాయి, వేళ్లు చాలాకాలం బాగానే పనిచేస్తాయి. ఒళ్లో ఫోన్ పెట్టుకుని ఎంతసేపైనా టైపు చేస్తాను గానీ గోడమీద స్విచ్ దాకా చెయ్యి లేవదు. బ్యాటరీ చక్రాల కుర్చీలో తిరుగుతాను. రాత్రి పడుకునేటప్పుడు ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ మాస్క్ పెట్టుకోవాలి. ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో నాన్నగారి పాత ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. పొద్దునా రాత్రీ నేను మావుసి అని పిలిచే పనావిడ వచ్చి లేపడం, స్నానం, వంట, పడుకోబెట్టడం చూస్తుంది. ఆవిడ ఒడియాలో మాట్లాడుతుంది, నేను తెలుగులో జవాబిస్తాను, మా ఊళ్లో అది మామూలే. ఆవిడ వచ్చి వెళ్లే మధ్య గంటల్లో ఫ్యాన్‌కీ లైటుకీ తలుపుకీ ఎవర్నీ పిలవక్కర్లేకుండా ఉండాలి, ఈ ఖర్చంతా అందుకే. లేపడం, స్నానం లాంటివి ఈ సామాన్లేవీ చెయ్యవు. మావుసి జీతం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు, ఆ లెక్కతో కొనేవాళ్లు ముందే మానుకోవడం మంచిది.

ఇన్వర్టర్ దగ్గర మొదలుపెడతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత మా గజపతి జిల్లా ఎన్నాళ్లు చీకట్లో ఉందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ ఆ తుపాను తర్వాత కొన్నదే, అప్పట్లో కుర్చీ ఛార్జింగ్ కోసం. స్మార్ట్ సామాన్లు వచ్చాక తెలిసిందేమిటంటే, లైట్లూ ఫ్యాన్లూ ఇన్వర్టర్ లైనులో ఉంటే చాలదు. వైఫై రౌటరు, ఫైబర్ డబ్బా రెండూ అదే లైనులో ఉండాలి. ఉన్నా మరో చిక్కుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటరు ఆఫై మళ్లీ మొదలవుతుంది. అది లేచి నెట్ పట్టుకునేదాకా ఇంట్లో ఏదీ మాట వినదు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని అటు తిప్పితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. నేను రౌటరుకు విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ కూడా పెట్టించాను. బైపాప్‌ను మాత్రం ఏ స్మార్ట్ ప్లగ్‌కూ తగిలించకండి. యాప్‌లో పొరపాటున వేలు తగిలినా ఆగిపోయేలా ఊపిరి మిషన్ ఉండకూడదు. నాది ఇన్వర్టర్ లైనులో మామూలు సాకెట్‌కే ఉంది.

లైట్ల విషయంలో స్మార్ట్ బల్బులు దండగ. మనిషి ఒక్కరే ఉండే ఇంట్లో అవి నడుస్తాయేమో గానీ నలుగురు వచ్చిపోయే ఇంట్లో నడవవు. బల్బుకు ఎప్పుడూ కరెంటు ఉంటేనే అది మన మాట వింటుంది. మావుసి కరెంటు బిల్లు మిగిల్చే మనిషి, రాత్రి వెళ్లేటప్పుడు అలవాటుగా గోడ స్విచ్ టక్కున ఆపి వెళ్లిపోతుంది. ఇక ఆ బల్బును ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కినా వెలగదు. ఆవిడకు పదే పదే చెప్పడం నాకే బాగుండేది కాదు. ఎవరింట్లోనైనా గది దాటేటప్పుడు లైటు ఆపడమే కదా పద్ధతి. మరొకటి, కరెంటు పోయి వస్తే చవక బల్బులు ఏ అర్ధరాత్రో వాటంతటవే ఫుల్లుగా వెలుగుతాయి.

స్విచ్ బోర్డు వెనక దాక్కునే మాడ్యూళ్లు పెట్టించాక ఈ బెడద పోయింది. గోడ స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది, ఎవరి అలవాటు వాళ్లది. అయితే ఆ మాడ్యూల్‌కు న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, కావాలి. పాత ఇళ్లలో ప్లగ్గు సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది, ఉత్త స్విచ్చులున్న బోర్డులో తరచుగా ఉండదు. మా పడకగదిలో ఉంది, వరండా బోర్డులో లేకపోతే కొత్త వైరు లాగించాల్సి వచ్చింది. మావి పాతకాలపు చెక్క పెట్టె బోర్డులు కాబట్టి లోపల చోటు బోలెడు, కొత్త ఇళ్ల గోడ డబ్బాల్లో అంత సులువుగా పట్టవు. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎందుకండీ ఇదంతా, స్విచ్ కిందికి దింపేస్తే సరిపోద్ది కదా" అన్నాడు. నిజమే, వంటింట్లో అదే చేయించాను. కుర్చీకి అందే ఎత్తులో మామూలు స్విచ్, పైసా స్మార్ట్ లేదు, ఇంతవరకు ఒక్క రిపేరూ లేదు. కానీ మంచం మీద పడుకున్నాక కిందికి దింపిన స్విచ్ కూడా అందదు, మాడ్యూళ్ల అవసరం అక్కడే. వాటిని పాతపట్నం నుంచి వచ్చిన కుర్రాడు బిగించాడు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఉపకారం చేసింది ఫ్యాన్. పగలు కాదు, రాత్రి. డిసెంబరులో తెల్లవారుజామున మహేంద్రతనయ నది వైపు నుంచి చలి దిగుతుంది. మిగతావాళ్లు నిద్రలోనే దుప్పటి మీదికి లాక్కుంటారు. దుప్పటి లాక్కోలేని మనిషికి ఫ్యాన్ స్పీడే దుప్పటి. వేసవిలో ఇదే తిరగబడుతుంది, ఉక్కపోస్తే పక్కకు తిరగలేను, స్పీడు పెంచాలి. మొదట ఉన్న ఫ్యాన్‌కు ఐఆర్ బ్లాస్టర్ పెట్టి చూశాను, అంటే రిమోట్ పనిని ఫోన్ నుంచి చేసే చిన్న పరికరం. అది సిగ్నల్ పంపడం వరకే, ఫ్యాన్ విన్నదో లేదో దానికి తెలియదు. ఆగిపోయిందని యాప్ చూపిస్తుంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది. ఇప్పుడున్నది నేరుగా వైఫై ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్, తక్కువ కరెంటు తాగే మోటారు రకం. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగితే ఇది 30 చిల్లర, ఇన్వర్టర్ మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. దీనికి పాత రెగ్యులేటర్ ఉండకూడదు, తీసేయించండి. తెల్లవారుజామున తనంతట తనే రెండుకు తగ్గేలా టైమర్ పెట్టుకున్నాను. అదీ చాలకపోతే చేతి కింద పరుపుకు అంటించిన చిన్న వైర్‌లెస్ బటన్ ఉంది. ఒక నొక్కుకు స్పీడు తగ్గుతుంది, నొక్కి పట్టుకుంటే లైటు వెలుగుతుంది.

అక్కడ బటన్ ఎందుకు, స్పీకర్ ఉందిగా అంటారు. మాస్క్ పెట్టుకుని మాట్లాడి చూడండి. నా మాట నాకే అర్థం కాదు, దానికేం అర్థమవుతుంది? ప్రకటనల్లో కనిపించే "గొంతుతో ఇల్లంతా" అన్నది సరిగ్గా నాకు అవసరమైన వేళకే పనిచెయ్యదు. పగలు పనిచేస్తుంది, ఇంగ్లీషులో అయితే. అమెజాన్ ఎకో గానీ గూగుల్ స్పీకర్ గానీ మన దేశంలో ఇంగ్లీషు, హిందీ వింటాయి, తెలుగు వినవు. ఫోన్‌లో గూగుల్ మాత్రం తెలుగు వింటుంది, "అన్నయ్యకు ఫోన్ చెయ్యి" అంటే విశాఖకు కలుపుతుంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడిన ఊళ్లో కూర్చుని, లైటు వెయ్యమని ఒక డబ్బాను ఇంగ్లీషులో బతిమాలుకోవడం నవ్వొచ్చే విషయమే. మావుసికైతే ఆ డబ్బాతో మాటే లేదు, ఒడియా కూడా దానికి రాదు.

తలుపు కథ వేరు. అందమైన స్మార్ట్ లాకులు చూసి మురిసిపోయాను గానీ మాది రెండు రెక్కల పాత తలుపు, గడియ. దానికి అవేవీ పట్టవు. చివరికి వరండా ఇనుప గ్రిల్‌కు అపార్ట్‌మెంట్ గేట్లకు వేసే 12 వోల్టుల ఎలక్ట్రిక్ తాళం వేయించి, దానికి వైఫై రిలే, అంటే ఫోన్ నుంచి వేసే చిన్న స్విచ్, కలిపించాను. పగలు లోపలి తలుపు తెరిచే ఉంటుంది, గ్రిల్ ఒక్కటే అడ్డం. కరెంటు లేకపోయినా బయట నుంచి తాళంచెవితో, లోపల నుంచి బొత్తాంతో తెరుచుకుంటుంది. లోపలి బొత్తాం నా కుర్చీకి అందే ఎత్తులోనే ఉండేలా తాళాన్ని కిందికి వేయించాను. నిప్పంటుకున్నప్పుడు ఫోన్ వెతుక్కుంటూ కూర్చోలేం కదా. గంట కొట్టిందెవరో డోర్‌బెల్ కెమెరాలో చూసి తెరుస్తాను. కొరియర్ కుర్రాళ్లు "అమ్మా, బయటికి రండి" అని అరవడం మానేశారు.

దీనితో నవ్వులాట లాంటి ప్రమాదం ఒకటి జరిగింది. స్మార్ట్ లాకును మాటతో తెరవమంటే స్పీకర్ పిన్ అడుగుతుంది. నా రిలే దాని లెక్కలో తాళం కాదు, ఒట్టి స్విచ్. స్విచ్ వెయ్యడానికి పిన్ ఎందుకు? ట్యూషన్ పిల్లల్లో ఒకడు ఇది కనిపెట్టాడు. నేను లోపలి గదిలో ఉండగా కిటికీ దగ్గర నిలబడి ఇంగ్లీషులో గట్టిగా ఆర్డరేశాడు, గ్రిల్ టక్కుమని తెరుచుకుంది, అందరూ లోపలికొచ్చేశారు. "టీచర్, మేమే తలుపు తీసుకున్నాం!" వాడికి లెక్కల్లో అత్తెసరు మార్కులు, బుర్ర మాత్రం అమోఘం. ఆ రోజే గ్రిల్‌ను స్పీకర్ జాబితాలోంచి తీసేసి ఫోన్‌లో మాత్రమే ఉంచాను. మీరూ రిలేతో తలుపు చేయించుకుంటే ఇది చూసుకోండి.

గీజర్‌కు 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గే వాడాలి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గు కరిగిపోవచ్చు. కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ మార్చండి. నీళ్ల మోటారును ప్లగ్గుకు తగిలించకండి, మొదలయ్యేటప్పుడు అది లాగే కరెంటు ఎక్కువ. ట్యాంకు నిండగానే ఆపే మామూలు లెవల్ కంట్రోలర్ చాలు.

మొదట్లో కొన్న రెండు ప్లగ్గుల కంపెనీ కొన్నాళ్లకు తన యాప్‌నే ఆపేసింది. ప్లగ్గులు బాగానే ఉన్నాయి, వాటికి చెప్పే దారి లేదు. కంపెనీ పేరు రాయను, ఈ వ్యాపారంలో ఎవరైనా రేపు అదే పని చెయ్యొచ్చు. అందుకే ఇప్పుడు కొనేవాటి మీద మ్యాటర్ గుర్తు ఉందో లేదో చూస్తున్నాను. 2022లో వచ్చిన ఈ ప్రమాణం ఉన్న పరికరాలు ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకుంటాయి, బయటి నెట్ పోయినా పనిచేస్తాయి, ఒకే కంపెనీ యాప్‌కు కట్టుబడి ఉండక్కర్లేదు.

పడిపోతే, ఊపిరాడకపోతే ఎలా అని అందరూ అడుగుతారు. స్పీకర్‌ను నమ్ముకోకండి, అది 108కి ఫోన్ చెయ్యదు. నా మెళ్లో ఉన్నది బజార్లో దొరికే అతి చవక వైర్‌లెస్ కాలింగ్ బెల్లు బటన్. దాని గంట పక్కింటి పిన్ని ఇంట్లో ఉంది, సెల్లులతో నడిచే రకం. నెట్ లేదు, యాప్ లేదు, వైఫై పాస్‌వర్డ్ లేదు. ప్రతి ఆదివారం ఒకసారి నొక్కి చూస్తాను, పిన్ని కిటికీలోంచి "మోగిందే" అంటుంది. గోడ మందంగా ఉంటే సిగ్నల్ దాటకపోవచ్చు, అందుకే కొన్న రోజే మీ మంచం మీద నుంచి, బాత్రూం లోంచి, వరండా లోంచి నొక్కి చూడండి. మా బాత్రూం లోంచి మొదట మోగలేదు. గంటను పిన్ని గారి వెనక వరండాకు మార్చాక మోగుతోంది.