గోడ ఫిల్టర్, రింగుల ఇంకుడు గుంత ప్యాకేజీ: బరంపురం ఇళ్లకు పనికొస్తుందా?

ఒడిశాలోని బరంపురంలో ఇంకుడు గుంతను ఇప్పుడు ప్యాకేజీగా అమ్ముతున్నారు. గోడకు బిగించే ఫిల్టరు, తొలి వాన నీటిని పక్కకు తప్పించే నిలువు గొట్టం, 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న సిమెంటు రింగులు ఐదు, కంకర, కూలి అన్నీ కలిపి ఒకటే రేటు. కొనొచ్చు గానీ, వాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. ఫిల్టరుకి వంక పెట్టనక్కర్లేదు, గుంతే చాలదు.

లెక్క చూడండి. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు అంటే 93 చదరపు మీటర్లు. వాయుగుండం పట్టి గంటకు 50 మి.మీ. చొప్పున కురిస్తే నిమిషానికి 77 లీటర్లు దిగుతుంది. ఐదు రింగుల గుంత ఖాళీగా ఉన్నా పట్టేది 1000 లీటర్లే, పావుగంటలోపే నిండిపోతుంది. పైగా మేస్త్రీలు అంచు దాకా రాయి పోసేస్తారు. రాళ్ల సందుల్లో మిగిలే చోటు 40 శాతం, అంటే 400 లీటర్లు. ఇదే అసలు తప్పు.

4 అడుగుల రింగులు ఎనిమిది అడగండి, ఖాళీగా లెక్కేస్తే 2800 లీటర్లు పడుతుంది. పక్కలకు చిల్లులున్నవే తీసుకోవాలి, రింగుకీ రింగుకీ మధ్య సిమెంటు మాలు పెట్టనివ్వొద్దు. చుట్టూ అరడుగు మందాన 40 ఎం.ఎం. కంకర. అడుగున అడుగున్నర మందాన పెద్ద రాయి, దాని మీద అడుగు మందాన 20 ఎం.ఎం. కంకర, నైలాన్ జాలి, ఆపైన 9 అంగుళాల ముతక ఇసుక. మిగతాదంతా ఖాళీగా వదిలేయాలి. ఆ ఖాళీయే మీ ట్యాంకు. ఇసుక పైపొర రెండు అంగుళాలు ఏటా వైశాఖంలో తీసి కొత్తది వేయాలి. లేకపోతే బురద పేరుకుని నీరు దిగదు, అప్పుడు గుంత పనికిరాదని తిట్టుకుంటారు.

తవ్వాక రాయి వేయకముందే నీళ్లు పోసి చూడండి. బంకమట్టి తగిలి, గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ ఆపేయడమే మంచిది.

తొలి వాన గొట్టం పేరుకే. 4 అంగుళాల పైపు మీటరుకు 8 లీటర్లు పడుతుంది, ప్యాకేజీలో ఇచ్చేది మీటరే. స్లాబు మీది దుమ్ము, పిట్టల రెట్ట కడుక్కుపోవాలంటే మొదటి 1 మి.మీ. వాన, అంటే 90 లీటర్లకు పైగా, బయటికి పోవాలి. 100 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున చిన్న కుళాయి బిగించుకుంటే సరి. ప్యాకేజీ గొట్టం అడుగు మూతకి (ఎండ్ క్యాప్) పెట్టే సన్న చిల్లు మొదటి వానకే వేపాకుతో మూసుకుపోతుంది.

స్లాబు మీంచి నీళ్లు దిగే గొట్టం ఒక్కటే ఇస్తారు. గంటకు 50 మి.మీ. వానకు 4 అంగుళాల గొట్టం 85 చదరపు మీటర్ల దాకానే లాగుతుంది. పైన చెప్పిన స్లాబుకి రెండు వేయించుకోండి.

ఫిల్టరులోని స్టీలు జాలి మంచిది, చేత్తో తీసి కడుక్కోవచ్చు. వానాకాలంలో పదిహేను రోజులకోసారి కడిగితే చాలు.

పొంగిపోయే నీటికి దారి చాలామంది అడగరు. గుంత పైనుంచి 4 అంగుళాల పైపు రోడ్డు కాలువలోకి వేసి, మూతి దగ్గర ఒకవైపే తెరుచుకునే ఫ్లాపు పెట్టించాలి. అది లేకపోతే, పల్లపు వీధుల్లో కాలువ పొంగినప్పుడు ఆ మురుగు వెనక్కొచ్చి గుంతలో చేరుతుంది. పునాదికి 10 అడుగులు, సెప్టిక్ ట్యాంకుకి 30 అడుగులు దూరం తప్పదు. వాడుతున్న బోరులోకి నేరుగా పైపు దింపుతామని ఎవరైనా అంటే వద్దనండి.

గోడకు గోడ ఆనుకున్న పాత వీధి ఇళ్లకు ఈ దూరాలు దొరకవు. పెరట్లో పాత నుయ్యి ఉంటే మాత్రం గుంతే అక్కర్లేదు. ఫిల్టరు ఒక్కటే విడిగా కొని, పైపు చివర నీటి మట్టం కిందికి దిగేలా వేస్తే నుయ్యి గోడ కోసుకుపోదు.

మేడ మీది వాన నీటిని భూమిలోకి ఇంకించడానికి ఒడిశా ప్రభుత్వం 2022లో ఆమోదించిన ఛతా పథకంలో ఎంపికైన బ్లాకులు, పట్టణాల్లో సొంత ఇళ్లకు సబ్సిడీ పెట్టారు. అది ఇప్పుడూ ఇస్తున్నారో లేదో, మీ వార్డు అందులో ఉందో లేదో తవ్వకముందే కనుక్కోండి. సబ్సిడీ మేమే ఇప్పిస్తామని దుకాణంలో చెప్పే మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. ఫిల్టరు, రింగులు, కంకర, కూలి విడివిడిగా రాసిచ్చిన కొటేషన్ చేతికొచ్చాకే బేరం మొదలుపెట్టండి.

నా మార్కులు: ఫిల్టరుకి 5కి 4, గుంతకి 5కి 2.